కిటికీలో కనిపించని గొడుగు

నారాయణగూడలోని నా మరమ్మతుల దుకాణానికి వేదవతి మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చేతిలోని పుస్తకంలో ఒక యంత్రం బొమ్మ ఉంది. గుండ్రంగా తిరిగే డబ్బా, దాని ముందు చిన్న రేకు కిటికీ. డబ్బాకు చుట్టిన కాగితం మీద బొమ్మలుంటాయి. అవి కిటికీలో ఒక్కొక్కటే కనిపించి వెళ్లిపోతాయి. అన్నీ అయ్యాక, చూసిన మనిషిని ఏవేవి గుర్తున్నాయో అడుగుతారు.

"దీన్ని మెమరీ డ్రమ్ అంటారండీ. మా యూనివర్సిటీలో ఉంది కానీ తలుపులు మూసేశారు. మీరు ఒకటి చేసిపెట్టాలి దాసయ్యగారూ" అంది.

అది అరవై తొమ్మిది. తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డాయి. వేదవతి సైకాలజీ ఎం.ఏ. చివరి ఏడాదిలో ఉంది. తెనాలి వైపు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో ఉంటున్న కుటుంబం వాళ్లది. గుమాస్తాగా పనిచేసే తండ్రి దక్షిణామూర్తిగారు ఈ గొడవల్లో ఉండలేమని విజయవాడకు బదిలీ పెట్టుకున్నారు. ఆ ఆర్డరు వచ్చేలోగా థీసిస్ పూర్తి చేస్తే డిగ్రీ వస్తుంది, లేకపోతే ఆమె చదువు అక్కడితో సరి.

బొమ్మ పేరు పైకి అంటూ చూసినవాళ్లకు ఎక్కువ గుర్తుంటుందా, నోరు మెదపకుండా చూసినవాళ్లకా అన్నది ఆమె తేల్చుకోవాల్సిన విషయం.

పాత గ్రామఫోను మరతో డబ్బా తయారుచేశాను. వేదవతి దుకాణంలోనే కూర్చుని, గడియారం పక్కన పెట్టుకుని, ప్రతి బొమ్మా సమానంగా నిలుస్తోందో లేదో చూసుకుంది. ఒక బొమ్మ తొందరగా జారిపోతోందని చక్రం పన్ను మళ్లీ అరగదీయించింది. ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

పరీక్షకు కూర్చోబెడదామంటే తోటి విద్యార్థులంతా ఊళ్లకు వెళ్లిపోయారు. వేదవతి వాళ్ల ఇంటి ఎదుట మేడ కడుతున్నారు, పాలమూరు నుంచి వచ్చిన ఆడకూలీలు అక్కడ ఇసుక మోస్తున్నారు. మధ్యాహ్నం వాళ్లు అన్నాలు తిన్నాక వేదవతి ఒక్కొక్కరినే లోపలికి పిలిచేది. మిగతావాళ్లు అరుగు మీద కూర్చుని, ఆమె తల్లి అన్నపూర్ణమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ తమ వంతు కోసం ఎదురుచూసేవారు.

మొదట్లో వచ్చినవాళ్లు సగం బొమ్మలు మరిచిపోయారు. తర్వాత్తర్వాత ఎవరూ ఏదీ మరవలేదు. పైకి అన్నవాళ్లూ అంతే, మౌనంగా చూసినవాళ్లూ అంతే. వేదవతికి సంతోషంగానూ ఉంది, అనుమానంగానూ ఉంది.

ఒకరోజు కాగితం ఇరుక్కుని చిరిగిందని నన్ను పిలిపించింది. చిరిగింది గొడుగు బొమ్మ దగ్గర. నేను మర సరిచేస్తుంటే ఆమె ఆ చోట దీపం బొమ్మ గీసి అంటించింది. తర్వాత ఈదమ్మ అనే ఆవిడ వచ్చి కూర్చుంది. డబ్బా తిరగడం ఆగగానే గడగడా మొదలుపెట్టింది.

"కుండ, చిలుక, తాళం, గొడుగు, నాగలి..."

వేదవతి కళ్లు మెరిశాయి. చూడని వస్తువును చూసినట్టు మనసు కల్పించుకుందనుకుంది. అయినా అడిగింది.

"గొడుగు ఎక్కడ చూశావు ఈదమ్మా?"

"నేను సూడలేదమ్మా. మాసమ్మక్క జెప్పింది."

మాసమ్మ ఆ కూలీలలో పెద్దది, అందరికంటే ముందు పరీక్షకు కూర్చున్నదీ ఆమే. పిలిస్తే కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చింది.

"అవునమ్మా, నేనే జెప్పిన. బయటికొచ్చినోల్లనడిగి, అందరికీ జెప్పిన. సదువుకున్నోల్లింట్ల మావోల్లు బెల్లంకొట్టిన రాయోలె కూసుంటే సిగ్గు గాదా? నేనైతే మస్తు సిగ్గుపడ్డ."

అన్నపూర్ణమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. వేదవతి మాత్రం కాగితాల కట్ట ముందుకు లాక్కుంది.

"పోనీలేవే. ఎవరికి తెలుస్తుంది? మీ నాన్నగారి ఆర్డరు ఇవాళో రేపో వచ్చేస్తుంది" అంది తల్లి.

"నాకు తెలుసు కదమ్మా."

"ఒక్క గొడుగు కోసం ఇదంతా పారేస్తావా?"

వేదవతి కాగితాలన్నిటి మీదా అడ్డంగా గీత కొట్టింది.

"పరేషాన్ జేస్తినా ఏందమ్మా?" అంది మాసమ్మ, గొంతు తగ్గించి.

"నీ తప్పు కాదు మాసమ్మా. లోపల కూర్చున్నవాళ్లనే చూశాను, అరుగు మీదున్నవాళ్ల సంగతి ఆలోచించలేదు."

చేసిన పని చెడితే మళ్లీ మొదలుపెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆమె ఆ సాయంత్రమే కొత్త బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. మనిషికో వరుస. ఒకరికి చూపింది ఇంకొకరికి చూపకూడదు.

ఒకరికొకరు తెలియని మనుషులు కావాలంటే మాసమ్మే దారి చూపింది. చిక్కడపల్లి సందుల్లో, విద్యానగర్‌లో, ట్యాంక్ బండ్ కింద ఎక్కడెక్కడ ఇళ్లు కడుతున్నారో ఆమెకు తెలుసు. పని లేని రోజుల్లో డబ్బా నెత్తిన పెట్టుకుని ముందు నడిచేది. పరీక్ష జరుగుతున్నంతసేపూ గుమ్మంలో కూర్చుని, బయటికొచ్చిన వాళ్లను గదమాయించేది.

"నోరు తెరిస్తివా, సూడు మల్ల! సక్కగ పో!"

సగం పని కాకముందే బదిలీ ఆర్డరు వచ్చింది. దక్షిణామూర్తిగారు ఆ కాగితాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు కూతురినే చూశారు. ఆమె నాగలి బొమ్మకు కర్రు గీస్తోంది, తల ఎత్తలేదు.

"సరే, నేను ముందు వెళ్లి ఇల్లు చూస్తాను. ఆ డబ్బా తిరగడం ఆగాక మీరిద్దరూ వద్దురుగాని" అన్నారు.

చివరిగా పరీక్షకు కూర్చున్నది తిమ్మమ్మ అనే ముసలావిడ. నాలుగు బొమ్మలు చెప్పి, ఇక గుర్తులేవంది. వేదవతి పట్టలేని సంతోషంతో రాసుకుంది.

"గిదేం సదువమ్మా! మరిసిపోతే సంబురపడతవు!" అంది గుమ్మంలోంచి మాసమ్మ.

థీసిస్ పలచగానే వచ్చింది. పైకి అన్నవాళ్లకే కాస్త ఎక్కువ గుర్తుంటుందని తేలింది. గొడుగు సంగతి కూడా దాచకుండా అందులో రాసింది. సెకండ్ క్లాసులో పాసై, విజయవాడలో ఆడపిల్లల కాలేజీలో లెక్చరర్‌గా చేరింది.

కొన్నేళ్లకు డబ్బా స్ప్రింగు పోయిందని విజయవాడ నుంచి పట్టుకొచ్చింది. మరమ్మతు అయ్యేదాకా బల్ల దగ్గర కూర్చుని తన క్లాసు సంగతులు చెప్పింది.

"మా గదికి రెండు తలుపులున్నాయి దాసయ్యగారూ. పరీక్ష అయినవాళ్లను వెనక తలుపునుంచే పంపుతాను."

స్ప్రింగు బిగించి డబ్బా ఆమె ముందు పెట్టాను. ఆమె చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుంది.