ఆంటీ తల్లో గులాబీ

నా చిన్నప్పుడు, ఎనభైల్లో, మేము న్యూజెర్సీలో ఒక ఇరుకు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా పై వాటాలో ఉండే తెలుగు ఆంటీ అంటే నాకు పిచ్చి ఇష్టం. ఆమె ఫ్రిజ్ మీద పత్రికలోంచి కత్తిరించిన ఒక యూరప్ సినిమా తార బొమ్మ అంటించి ఉండేది. తలకు స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు, ఒంటి మీద ఒక్క నగ లేదు. ఏమీ తయారవకుండానే ఇంత అందమేమిటా అని నోరు తెరుచుకుని చూసేదాన్ని. ఆ తార పసితనంలో యుద్ధం చూసిందని, తిండి లేక మాడిందని ఆంటీయే చెప్పింది.

“ఆ కష్టం మొహంలో ఎక్కడన్నా కనపడుతోందా చూడు. అదీ స్టైలంటే,” అనేది.

ఆ వేసవిలో ఆంటీ కూడా తలకు స్కార్ఫ్ కట్టడం మొదలుపెట్టింది. పాత పట్టుచీర కొంగు కత్తిరించి, మెడ వెనక ముడి. అది ఫ్యాషనే అనుకున్నాను. ఎనిమిదేళ్ళదాన్ని, నాకేం తెలుసు? ఆమెకు పెద్ద జబ్బనీ, మందులకు జుట్టంతా ఊడిపోయిందనీ మా అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదట. ఒక్క పూటైనా ‘అయ్యో పాపం’ అనే మాట వినకుండా నలుగురిలో కూర్చోవాలని ఆమె కోరిక. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

శ్రావణ శుక్రవారం మా ఇంట్లో పేరంటం. మల్లెలెక్కడివి అక్కడ? అమ్మ కుండీలో పూసిన గులాబీలు పళ్ళెంలో పెట్టి, ఆంటీలందరికీ తల్లో పెట్టమని నాకిచ్చి హడావిడిలో వంటింట్లోకి వెళ్ళింది. పై వాటా ఆంటీ మాత్రం పువ్వు కోసం చెయ్యి చాచింది. ముత్తైదువకు పువ్వు చేతికిచ్చి ఊరుకుంటామా అనుకున్నాను. చురుకెక్కువ, బుద్ధి తక్కువ నాకు. వెనక్కి వెళ్ళి, జుట్టులో గుచ్చుదామని స్కార్ఫ్ పైకి లాగాను.

అది మొత్తంగా నా చేతిలోకి వచ్చేసింది. ఆ తర్వాత, ఏ మాటకైతే ఆమె భయపడిందో ఆ మాటే నాలుగు వైపుల నుంచీ వినిపించింది. ఒకావిడైతే ఏడ్చేసింది కూడా.

ఆంటీ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. స్కార్ఫ్ తీసుకుని మళ్ళీ కట్టుకుంది. గులాబీని ముడిలో గుచ్చమని నన్నే అడిగింది.

“సరిగ్గా ఉందా అమ్మా?”

వంకరగా ఉంది. చెవి పైన నున్నటి తల కనపడుతూనే ఉంది.

“బాగుంది ఆంటీ,” అన్నాను.

నవ్వింది. పేరంటం అయ్యేదాకా ఆ బొమ్మలో తారలాగే నిటారుగా కూర్చుంది. మళ్ళీ ఎవరింటికీ వెళ్ళలేదు. సిగ్గుతో నేనూ పైకి మెట్లెక్కలేదు. మంచు పడే రోజుల్లో ఆమె పోయింది. ఫ్రిజ్ మీది బొమ్మ తెచ్చి, నాకిమ్మని చెప్పిందన్నారు అంకుల్. దాన్ని తీసుకోవడానికి నా చెయ్యి రాలేదు. అమ్మే తీసుకుంది.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. ఎవరైనా నీటుగా తయారై నవ్వుతూ ఎదురైతే, ఎంత బాగున్నారని అందరూ అంటారు. నాకు మాత్రం ఏం కప్పుకుంటున్నారో అనిపిస్తుంది. మా ఇంట్లో పేరంటం జరిగితే ఎవరి తల మీదా చెయ్యి వెయ్యను. పువ్వు చేతిలోనే పెడతాను.