దొరసానికి అన్నం అరగని రోజులు

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేమీ కావు, చేతిలో సెల్‌ఫోనూ కడుపులో ఆకలీ రెండూ ఉన్న రోజులే. మాది రామకుప్పం దగ్గర పల్లె. మదనపల్లెలో ఒక మొబైల్ షాపులో కొత్తగా ఉద్యోగానికి చేరి, మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. కొద్ది రోజులకే ఒక తెల్లపిల్లి కూడా ఆ గదిలో చేరింది. దాని నడక చూసి దొరసాని అని పేరు పెట్టాను. నన్ను నమ్ముకున్న మొదటి ప్రాణి కదా అని మహా గర్వపడ్డాను. ఆ గర్వం ఎన్నాళ్ళో నిలవలేదు. పొద్దున నేను పెట్టిన పెరుగన్నం గబగబా మింగడం, కాస్త వెనక్కి నడవడం, గొంతులో మోటారు తిరిగినట్టు చప్పుడు చేసి అంతా కక్కేయడం, ఇదీ దాని వరస. (ఇస్త్రీ చొక్కా ఎదురుగా ఉండగా నేల మీద కక్కడం దొరసానుల మర్యాద కాదు.) నేను షాపుకు పోయాక మెట్ల మీద కూడా కక్కేది. అవి కడిగే ఇంటి ఓనరమ్మ ఒకరోజు నన్ను నిలబెట్టి, "ఏమప్పా, ఆ పిల్లినన్నా యాడన్నా వదిలేసి రా, లేదా నువ్వన్నా వేరే రూము సూసుకో" అనేసింది.

అమ్మకు ఫోన్ చేస్తే, "మనింటి పిల్లి ఎలకల్ని తిని అరిగించుకుంటాండాది, నీ పిల్లికి పెరుగన్నం అరగలేదా? నువ్వు వండింది కదా, దాన్ని యాల తప్పు పట్టేది!" అని నవ్వింది. చేసేది లేక సెలవు రోజున దొరసానిని మూతబుట్టలో పెట్టుకుని, పుంగనూరులో మంచి పశువుల డాక్టరున్నాడని మా షాపులో పనిచేసే ఒకాయన చెబితే ఆ బస్సెక్కాను. దారి పొడవునా అది అరుస్తూనే ఉంది, బస్సంతా నన్నే చూస్తూనే ఉంది. ఆస్పత్రి నిండా ఆవులు. వాటి మధ్య బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఒక రైతు బుట్టలోకి తొంగిచూసి "దీనికీ డాక్టరేనా?" అన్నాడు. డాక్టరు మాత్రం నవ్వకుండా దాని పొట్ట నొక్కి చూసి, "ఎక్కువ తింటాండాది, అదీ గబగబా మింగుతాండాది. వెడల్పు పళ్ళెంలో కొంచెం కొంచెంగా పెట్టు, తగ్గకపోతే మళ్ళీ తీసుకురా" అన్నాడు.

అలాగే పెట్టాను. అయినా ఒకరోజు భోజనానికి గదికొస్తే గుమ్మంలో మళ్ళీ అదే దృశ్యం. ముక్కు మూసుకుని తుడవబోతే అందులో సేమియా కనిపించింది, జీడిపప్పుతో సహా! నా గదిలో సేమియా ఏనాడూ ఉడకలేదు. (జీడిపప్పు సంగతి సరేసరి.) తిన్నగా కిందికి దిగి, "అమ్మా, ఈ సేమియా యాడిది?" అన్నాను. ఓనరమ్మ కొంగు సర్దుకుంది.

"నువ్వు పోతానే అది వచ్చి కాళ్ళకు సుట్టుకుంటాది. నేనేమన్నా రాయినా?"

"మరి నన్ను ఖాళీ చెయ్యమంటిరే!"

"మెట్లు కడిగేది నేను కదప్పా!"

ఆ పూటే ఒప్పందానికి వచ్చాం. పొద్దున ఆమె, సాయంత్రం నేను, పాయసం బంద్. నిజంగానే కక్కులు తగ్గాయి.

తర్వాత నన్ను కుప్పం షాపుకు మార్చారు. సామాను సర్దుకున్న రోజు "నీ పిల్లిని నువ్వు తీసకపో" అని ఆమె, "మీ దగ్గరే ఉండనీలెండి" అని నేను, పైకి ఒకరికొకరు అంటగట్టుకుంటూ, లోపల ఇద్దరమూ కావాలనుకుంటూ చాలాసేపు వాదించుకున్నాం. తీరా పిల్లి కనపడదు. వెతికితే పక్కింటి వసారాలో స్టీలు గిన్నెలో ఏదో నాకుతూ ఉంది. ఆ ఇంటి పెద్దాయన మమ్మల్ని చూసి, "మా లక్ష్మి తినేటప్పుడు కదిలించొద్దండప్పా" అన్నాడు. నేనూ ఓనరమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వెనక్కి వచ్చేశాం.

నేను లేకపోతే ఇది బతకదు అనుకుంటూ ఆవుల మధ్య బుట్ట పట్టుకుని కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. కొత్త ఊళ్ళో, తన వంట తానే మింగలేని ఒంటిగాడికి, ఒక ప్రాణి తనను నమ్ముకుందన్న ఆ అబద్ధం ఎంత ఆసరా అయిందో తలచుకుంటే మాత్రం, పాపం, వాడి భుజం ఒకసారి తట్టాలనిపిస్తుంది.