అత్త గీసిన గీత

డైరీలో పేజీలు నింపగలను గానీ నలుగురిలో నోరు విప్పలేను. అలాంటి నేను ఒక ఉదయమంతా నాన్నకూ అత్తకూ మధ్య మాటలు మోశాను.

తాత వీలునామా రాయకుండానే పోయాడు. దొడ్డబళ్ళాపురంలో ఆయన ఇంటి ముందు గదిలో అత్త మగ్గాలు ఆడుతున్నాయి. ఇల్లు అమ్మి పంచుకుందామన్నాడు నాన్న. అమ్మితే మగ్గాలు ఎక్కడ పెట్టుకోవాలని అత్త తన భాగం విడదీసి ఇమ్మని దావా వేసింది. అప్పటి నుంచీ అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. రాజీ కుదురుతుందేమో చూడమని కోర్టు మమ్మల్ని బెంగళూరులో ఒక మధ్యవర్తి దగ్గరికి పంపింది.

ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని కూడా వాళ్లు నాతోనే మాట్లాడారు.

"పాపా, మీ నాయనకు చెప్పు. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అపార్ట్‌మెంట్లో లిఫ్టు ఎక్కి దిగేవాళ్లకు మగ్గం కష్టం ఏం తెలుస్తాది అని."

"అత్తకు మగ్గాల గురించి దిగులుగా ఉందట," అన్నాను.

"అంతేనా ఆమె చెప్పింది?" అన్నాడు నాన్న.

మధ్యవర్తి మేడమ్ నవ్వు దాచుకోవడానికి నీళ్లు తాగింది. మీ ఇళ్లలో ఆస్తి ఎలా పంచుకుంటారని అడిగింది.

"పెద్దోళ్లు భాగం పెడతారు, చిన్నోళ్లు ముందు కోరుకుంటారు," ఇద్దరూ ఒక్కసారే అన్నారు. అనేసి చెరోవైపు చూశారు.

మేడమ్ ఇంటి ప్లాను అత్త ముందుకు జరిపింది. అత్త చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. ముందు భాగం రోడ్డు మీదుంది, దానికి ధర ఎక్కువ. అందుకని వంటిల్లు, పెరడు, బావి అన్నీ వెనక భాగానికే కలిపి గీత గీసింది. మగ్గాలు ముందు భాగంలో పడ్డాయి. ఇక కోరుకోవలసింది నాన్న.

మా వకీలు వంగి, "ముందుదే తీసుకోండి," అని గొణిగాడు.

నాన్న నావైపు తిరిగాడు. "మీ అత్తను అడుగు, ఇప్పటికీ తెల్లారకముందే మగ్గాలు ఆడిస్తాందా అని."

"ఆడిస్తాండానని చెప్పు," అంది అత్త, నేను నోరు తెరిచేలోపే.

"అయితే నాకు వెనకది చాలు. ఆ సద్దు వింటా పెరిగినోణ్ణి. అపార్ట్‌మెంట్లో నాకు సరిగ్గా నిద్రే పట్టదు. శని ఆదివారాలు ఆడికొచ్చి పండుకుంటా."

వకీలు ఫైలు మూసేశాడు. అత్త కొంగుతో ముక్కు తుడుచుకుని నేరుగా తమ్ముడి మొహం చూసింది.

"నీ గురకకు నా పోగులు తెగకుంటే చాలప్పా."

ఆ మాట మోయమని నన్నెవరూ అడగలేదు.