అరికాలి మంట

గుంటూరులో బస్సెక్కితే ఇప్పటికీ ముందు సీటు కిందకే చూస్తాను.

ఆ మధ్యాహ్నం నా పక్కన కూర్చున్నావిడ మిర్చి తొడిమలు తీసే పని నుంచి వస్తోంది. తన సీసా ఖాళీ చేసి, నా సీసా కూడా అడిగి గటగటా తాగేసింది.

“ఎప్పుడూ ఇంత దాహమా?” అన్నాను.

“కారంలో పని గదండీ. పోయినేడంతా అరికాళ్లు కూడా మండిపోయేవి. ఈ ఏడు మంటే లేదు, దేవుడి దయ.”

“షుగర్ పరీక్ష చేయించుకోండమ్మా.”

“నాకెందుకండీ? తీపి ముట్టను. కారం తినే ఒళ్లు నాది,” అని నవ్వింది.

నల్లపాడులో దిగింది. బస్సు కదిలాక చూస్తే ఆవిడ చెప్పొకటి సీటు కిందే ఉంది. కిటికీలోంచి కేకలేశాను, వినపడలేదు. ఎండకు మెత్తబడిన తారు మీద, ఒంటి చెప్పుతో, ఆవిడ తాపీగా నడిచిపోతోంది.