చల్లార్చని తుపాకీ

జగన్నాధానికి తుపాకీల పిచ్చి ఉందని శృంగవరపుకోట చుట్టుపక్కల అందరికీ తెలుసు. అది ఎలాంటి పిచ్చో మాత్రం అతని వదిన తవిటమ్మ ఒక్కతెకే తెలుసు.

మామూలు తుపాకీ అతనికి అక్కర్లేదు. కొత్తది ఊరికే ఇస్తామన్నా మొహం తిప్పుకునేవాడు. యుద్ధంలో శత్రువు చేతిలోంచి లాక్కున్నదే కావాలి. అలాంటివి ఓడలెక్కి ఈ దేశం వచ్చాక, కార్ఖానాలో ముందరి చెక్క కోసేసి, గొట్టం లోపలి మెలికలు తొలిచి నున్నగా చేసి, అడవి పందుల్ని కొట్టుకోవడానికి పనికొచ్చేలా మార్చేవారట. జగన్నాధం అలాంటివి మూడు సంపాదించాడు. టర్కీది ఒక జమీందారు సామాను వేలంలో దొరికింది. జర్మనీది ఎవరో రిటైరైన హవల్దారు ఇచ్చాడు. ఇటలీదాన్ని చీపురుపల్లిలో సూరయ్య అనే పాత సిపాయి దగ్గర, ఉన్న జత ఎడ్లలో ఒకదాన్ని అమ్మి మరీ కొన్నాడు. ఒంటెద్దు రైతుని చూసి ఊరంతా నవ్విన నవ్వు ఇంతా అంతా కాదు.

పోనీ పందుల్ని కొట్టాడా? లేదు. అవి చేలోపడి వేరుసెనగ తవ్వేస్తుంటే రేకుడబ్బా వాయించుకుంటూ పరిగెత్తేవాడు.

"ఇంట్లో మూడు తుపాకులెట్టుకుని డబ్బా కొడతన్నావేటి బావా?" అని పక్కచేను జోగయ్య ఎకసెక్కమాడితే, "ఈ తుపాకులు తిన్నకాడికి సాల్లే" అనేవాడు.

ఇందులో నవ్వులాట ఏమీ లేదు. అతని అన్న అప్పలసూరి హిట్లరు యుద్ధంలో ఆఫ్రికా ఎడారికి వెళ్లాడు. మనిషి కనబడలేదని తంతి వచ్చింది. చచ్చిపోయాడని ఎవరూ చెప్పలేదు. బతికున్నాడనీ చెప్పలేదు. తవిటమ్మ గాజులూ బొట్టూ అలాగే ఉండిపోయాయి, ఇరవై ఏళ్లు దాటినా. జగన్నాధం ప్రతి దసరాకీ తుపాకీలు మూడూ పీటమీద పెట్టి, కుంకం బొట్లు పెట్టి, చెవిలో అడిగినట్టు ఒక్కోదాన్నీ అడిగేవాడు: "మా అన్నని తిన్నది నువ్వేనేటే?"

అనుమానమంతా ఇటలీదాని మీదే. అదీ ఆ ఎడారిలోదే కదా! ఎండ నడినెత్తికొచ్చే వేళ, పెంకుటిల్లు వేడెక్కినప్పుడు, గోడమీది ఆ తుపాకీ ఎవరూ ముట్టుకోకుండానే టక్కుమనేది. అన్నం తింటున్న జగన్నాధం చెయ్యి కంచంలోనే ఆగిపోయేది.

వాళ్ల ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి నెత్తురు చూసిన ఇనుము వేడిమీద ఉంటుందంటారు. కొడవలి వేలు తెగ్గొట్టినా, నాగలి కర్రు కాల్లో దిగినా, పసుపునీళ్లు పోసి, చద్దన్నం ముద్ద తిప్పి చల్లారిస్తే తప్ప దాన్ని మళ్లీ ముట్టరు. ఆ నీళ్లు దెబ్బతిన్నవాడి ఇంటి ఆడదే పొయ్యాలి. మనిషి పోతే పెళ్లాం పొయ్యాలి. తవిటమ్మ ఆ తుపాకీ మీద నీళ్లు పోస్తే మొగుడు పోయాడని ఒప్పుకున్నట్టే. ఆవిడ దాని ఛాయలకే వెళ్లేది కాదు.

అరవైతొమ్మిదిలో కొండల్లో నక్సలైట్ల గొడవలు ముదిరాయి. ఊరి బారికి గంగులు డప్పు కొట్టుకుంటూ వచ్చాడు. "లైసెన్సు తుపాకులన్నీ కోట టేసన్లో ఇచ్చీమన్నారు బాబూ. బేగి ఇచ్చీండి. నేకపోతే ఆళ్లే వస్తారు!"

జగన్నాధం గోడమీంచి తుపాకీలు దింపి అరుగుమీద పెట్టాడు. పెట్టి, వదిన ఎదుట నిలబడ్డాడు.

"వొదినా, వేడి ఇనుము పరాయోళ్లకి ఇయ్యకూడదు. అక్కడెవుడికేటయినా ఆ పాపం మనదే."

తవిటమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. "అయితే సల్లార్చు. నీకు సేతుల్నేవా?"

"నాను పోస్తే సాలదు. నీకు తెల్దేటి? మా అన్నింక రాడు వొదినా."

చేట ఆగింది. "ఏది తిన్నాదో సూపెట్టు, పోస్తాను."

"ఇటలీదే అని నా మనసు సెప్తన్నాది."

"నీ మనసా! ఎద్దుని అమ్మీసిన మనసు గదా అది!"

అంది గానీ లేచింది. అన్నేళ్లలో మొదటిసారి ఆ తుపాకీని చేతిలోకి తీసుకుంది. వెనక చెక్క మీద వార్నీషు కింద ఏదో బొటనవేలికి తగిలింది. చాకుమొనతో గీసిన చిన్న సిలువ.

"ఇదేటిరా?"

"దీన్ని మొదట మోసినోడు గీసుకున్నాడు."

"ఆడి సేతిలోంచే లాక్కున్నారా?"

"అవును."

"బతికుండగా ఇచ్చీసినాడా?"

జగన్నాధం ఆ సిలువని వేలితో తడిమాడు. ఇన్నేళ్లూ ఆ తుపాకీని ఎవర్ని చంపావని అడిగాడు గానీ, నిన్ను పట్టుకున్నవాడు ఏమయ్యాడని ఒక్కనాడూ అడగలేదు.

తవిటమ్మ లోపలికెళ్లి చెంబులో పసుపునీళ్లు, ఆకులో చద్దన్నం తెచ్చింది. ఆవిడ సిలువ ఉన్నచోట నిదానంగా నీళ్లు పోసింది. నీళ్లకంటే ముందు గాజులు చప్పుడు చేశాయి.

"నీ అన్నకి కాదురా. ఈ గీత గీసుకున్నోడికి. ఆడి పెళ్లాం ఇంత దూరం ఎలాగ రాగలదు?" మిగతా రెంటి మీదా పోసి, మూడింటికీ చద్దన్నం ముద్ద తిప్పి, చెంబు బోర్లించింది. "నీ అన్న తుపాకీనీ ఎవుడో ఒకడు అట్టుకెల్లే ఉంటాడు. అక్కడా ఎవుర్తో ఒకర్తి పోస్తాదిలే."

కోట స్టేషన్లో జవాను తుపాకీలు అందుకుని ముక్కు ముడిచాడు. "ఏటిది, దీనికి పసుపు రాసినారు?"

"అత్తోరింటికి పంపుతన్నాం బాబూ" అన్నాడు జగన్నాధం. జవాను నవ్వాడు. తను నవ్వలేకపోయాడు.

మర్నాడు ఎండ నడినెత్తికొచ్చింది. కంచం ముందు కూర్చున్నాడు. గోడమీద మేకులు తప్ప ఏమీ లేవు.

టక్.

వదిన వంక చూశాడు. చేతులకు గాజులు అలాగే ఉన్నాయి. ఆవిడా గోడవంకే చూస్తోంది.

"ఇన్నావా వొదినా?"

"ఇన్నాను." అతని కంచంలో మరో ముద్ద అన్నం వేసింది. "నీ అన్న తుపాకీకి ఇంకా ఎవుర్తీ పొయ్యనేదు కామోసు."