పిడికిట్లో గుండీ

జగిత్యాలలో బస్టాండు నుంచి టవర్ వైపు పోయే దారిలో ఒక బట్టల దుకాణం ఉంది. రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకునే మే నెల ఎండలో కూడా దుకాణం వాడు ఉన్నికోట్లు బయట వేలాడదీస్తాడు. చలిదేశాలకు చదువుకు పోయే పిల్లల కోసమట. మొన్న నేను అటు పోతుంటే ఒక తల్లి తన కూతురికి ఊదారంగు కోటు తొడిగి, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటున్నది. ఆ పిల్ల చెమటలు కక్కుతూ నవ్వుతున్నది. కోటు మడతల్లోంచి డాంబర్ గోళీల వాసన రోడ్డు దాకా వచ్చింది. నాకు ఆ వాసన పడదు. మా ఇంటి బీరువాల్లో బట్టలకు పురుగు పట్టకుండా వేపాకు వేస్తాను తప్ప ఆ గోళీలు వెయ్యను. ఎందుకని ఎవరైనా అడిగితే తలనొప్పి వస్తుందంటాను. అది అబద్ధం. అబద్ధమాడటం నాకు తొమ్మిదో ఏటనే వచ్చింది. ఎంత బాగా వచ్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మాది కొడిమ్యాల దగ్గర ఒక ఊరు. ఆ ఊరికి మా తాత దొర. అప్పటికే దొరతనం సగం పోయింది. అన్నలు, అంటే నక్సలైట్లు, గోడల మీద ఎర్రరంగుతో రాతలు రాసిపోతున్న రోజులవి. చుట్టుపక్కల దొరలు చాలామంది ఇండ్లకు తాళాలు వేసి కరీంనగర్లోనో హైదరాబాదులోనో కాపురాలు పెట్టారు. మా తాత మాత్రం కదల్లేదు. పొద్దున్నే వాకిట్లో పడక్కుర్చీ వేయించుకొని, పక్కన రాగిచెంబు పెట్టుకొని, వేపపుల్ల నములుతూ, దారిన పోయేవాళ్ళలో ఎవరు తనను చూసి చెప్పులు చేతికి తీసుకున్నారో, ఎవరు కాళ్ళకు వేసుకునే పోతున్నారో కనిపెట్టి చూసేవాడు. ఎండాకాలం సెలవులకు నేను జగిత్యాల నుంచి అక్కడికి పోయేదాన్ని. ఆ సెలవులు ఎంత బాగుండేవో చెప్పకుండా ఉండలేను. పెరట్లో పచ్చడి మామిడికాయలు కత్తిపీట మీద టపటపా తెగే చప్పుడు, నువ్వులనూనె కాగే వాసన, మట్టిగురిగి నిండా మొర్రిపండ్లు, మోచేతుల దాకా కారే తాటిముంజల నీళ్ళు, సాయంత్రం కళ్ళాపి చల్లిన వాకిట్లోంచి లేచే చల్లదనం, కొండగట్టుకు పోయే బండ్ల ఎద్దుల మెడల్లో గంటలు. ఆ మామిడికాయలు కోసిన చేతులూ, ఆ వాకిలి తడిపిన చేతులూ లచ్చవ్వవి. ఆ సంగతి మాత్రం అప్పుడు నాకు తట్టలేదు.

లచ్చవ్వ మా ఇంటి బయటి పనులన్నీ చేసేది. గడప దాటి లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆమె ఒక్కగానొక్క కొడుకు రాజేశం జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. ఆ ఏడు అతనికి రష్యాలో ఇంజనీరు చదువుకు సీటు వచ్చింది. హైదరాబాదులో ఏదో పరీక్ష రాశాడట, ఖర్చంతా ఆ దేశమే పెట్టుకుంటుందట. మా ఇల్లు తప్పిస్తే మద్రాసు చూసిన మనిషే లేని ఊరు మాది. వచ్చిన కాగితంలో ఏమేం సిద్ధం చేసుకోవాలో రాసి ఉంది: ఫోటోలు, డాక్టరు సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు, దళసరి ఓవర్‌కోటు. ఫోటో కోరుట్లలో దిగాడు. టై స్టూడియో వాడిది, చొక్కా స్నేహితుడిది, ఫోటోలో పడని కింది లుంగీ మాత్రం తనది. పాస్‌పోర్టుకు అర్జీ పెట్టాడు. ఇక మిగిలింది ఓవర్‌కోటు.

ఆ సెలవుల్లో నాకు లెక్కలు చెప్పమని నాయనమ్మ అతన్ని పురమాయించింది. నేను అరుగు మీద కూర్చునేదాన్ని, అతను కింద నేల మీద. నాకంటే పదేండ్లు పెద్దవాణ్ని నేను "రాజేశం, ఇటు రారా" అనేదాన్ని, అతను నన్ను "చిన్న దొరసాని" అనేవాడు. లెక్కలు అయిపోగానే తన ఎర్ర అట్ట రష్యా పుస్తకం తీసి చదువుకునేవాడు. స్నేగ్ అంటే మంచు అని చెప్పాడు. మంచు ఎట్లా ఉంటుందో మా ఇద్దరికీ తెలియదు. ఊరంతటికీ ఉన్న ఒక్క ఫ్రిజ్ మాది కాబట్టి నేను ఎవరూ చూడకుండా స్టీలు గిన్నెలో ఐసుముక్కలు తెచ్చేదాన్ని. చలికి అలవాటు పడాలని అతను ఒక ముక్క పిడికిట్లో బిగించి రష్యా అంకెలు లెక్కపెట్టేవాడు. అదీన్, ద్వా, త్రీ, చెతీరే. నేనూ ఒక ముక్క పట్టుకొని అతనితో పాటు లెక్కపెట్టేదాన్ని. అతని చేతిలో ఐసు పెట్టేదాన్ని కాదు, జానెడు పైనుంచి వదిలేదాన్ని. నాయనమ్మ లచ్చవ్వకు నీళ్ళు పోసే తీరు చూసి నేర్చుకున్నాను, ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. నేను ఇరవై దాటేదాన్ని కాదు. అతను పండ్లు బిగబట్టి, వేళ్ళు తెల్లబడిపోతున్నా వంద దాకా పోయేవాడు.

"పిడికిలి ఇప్పద్దు, చిన్న దొరసాని. దాని దిక్కు సూడనే సూడద్దు. గోడ దిక్కు సూసుకుంట అంకెల మీదనే పానం పెట్టాలె," అనేవాడు.

చెప్పింది బాగా నేర్చుకునే పిల్లనని నాకు పేరు.

మా తాత తమ్ముడొకాయన ఎప్పుడో లండన్లో లా చదివి వచ్చాడు. యుద్ధం అయిపోయాక అక్కడి మిలిటరీ వాళ్ళు అమ్మేసిన ఓవర్‌కోటు ఒకటి కొని తెచ్చుకున్నాడు. బావిరాళ్ళ మీది పాచి రంగు, భుజాల మీద పట్టీలు, పెద్ద పెద్ద కొమ్ము గుండీలు. ఆయన పోయిన తర్వాత కూడా ఆ కోటు లోపలి గదిలో పెట్టె నిండా డాంబర్ గోళీల మధ్య పడి ఉండేది. సెలవులకు వచ్చిన వారంలోనే నేను దాని మూడో గుండీ కోశాను. కన్నాల్లోంచి దారం దూర్చి, రెండు చేతులతో లాగి వదులుతుంటే గిర్రున తిరుగుతూ తుమ్మెద మాదిరి చప్పుడు చేసేది. వాకిలి ఊడ్చే లచ్చవ్వ ఒకటి రెండుసార్లు చూసి, "పెద్ద దొరసాని సూస్తె నీ ఈపు పగుల్తది బిడ్డ," అని నవ్వింది. అంతకు ముందటేడు రేడియో బిరడా విరగ్గొట్టినందుకు మా పెదనాన్న కొడుకు వీపు మీద చింతబరికె తేల్చిన వాతలు నేను చూశాను. అందుకే ఆట అయిపోగానే గుండీని లంగా బొడ్లో దోపుకునేదాన్ని.

ఒక పొద్దున లచ్చవ్వ వాకిట్లో చేతులు కట్టుకొని నిలబడి, ఆ పాత కోటు కొడుక్కు ఇప్పించమని అడిగింది. నాయనమ్మ ముఖం మాడ్చుకుంది. తాత మాత్రం పకపకా నవ్వాడు. వెంటనే ఇవ్వలేదు. కూలికి వచ్చిన వాళ్ళు, ఊరి పెద్దమనుషులు ఒక పదిమంది వాకిట్లో పోగయ్యే దాకా ఆగి, కోటు తెప్పించి, రాజేశాన్ని పిలిపించి, అతని కాళ్ళ ముందు మట్టిలో పడేటట్టు విసిరాడు.

"తొడుగురా. మా ఇంటి కోటు లేంది నీ రష్యా ఎట్ల నడుస్తది?"

రోహిణి కార్తె ఎండ. రాజేశం కోటు ఎత్తి, దులిపి, తొడుక్కున్నాడు.

"గుండీలు పెట్టు. ఆఁ, ఇగ నడువు. గీడికెల్లి గా గేటు దాక. గా దేశంల ఎట్ల నడుస్తవో మాక్కూడ సూపియ్యి."

అతను గేటు దాకా నడిచాడు, వెనక్కి నడిచాడు, మళ్ళీ నడవమంటే మళ్ళీ నడిచాడు. కోటు అంచు కింద కాళ్ళకు చెప్పులు లేవు. వాకిట్లో అందరూ నవ్వారు. లచ్చవ్వ కూడా, నవ్వకపోతే బాగుండదని, కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. మూడో గుండీ లేకపోవడం తాత కంటనే పడింది. నవ్వు ఆపి, "ఎవడు కోసిండు?" అన్నాడు. నాయనమ్మ చూపు పనివాళ్ళ మీదికి పోయింది. నేను బొడ్డు దగ్గర చెయ్యి పెట్టుకున్నాను. రాజేశం అది చూశాడు.

"ఎలుక కొట్టి ఉంటది, దొరా," అన్నాడు, కళ్ళలోకి చెమట కారుతుంటే తుడుచుకోకుండా.

పదిరోజులు తిరగకముందే పోలీసు జీపు వచ్చింది. పాస్‌పోర్టు ఎంక్వయిరీ. ఎస్సై ముందు లచ్చవ్వ గుడిసెకు పోయాడు. అక్కడ ఎర్ర అట్ట పుస్తకం, పాచిరంగు కోటు దొరికాయి. ఆ రోజుల్లో అది అన్నలు తొడిగే బట్టల రంగు. ఆ రంగు బట్ట కుట్టారని దర్జీలను కూడా ఠాణాకు ఈడ్చుకుపోయేవాళ్ళు. తల్లినీ కొడుకునూ ముందు నడిపించుకుంటూ, కోటు ఒక పోలీసు భుజాన వేయించి, ఎస్సై మా వాకిట్లోకి వచ్చాడు.

"ఈ కోటు మీరే ఇచ్చారంటున్నారు. నిజమేనా?"

తాత పడక్కుర్చీలోంచి లేవలేదు. ఊళ్ళోనే ఉండిపోయిన దొర అన్నలతో రాజీపడే ఉంటాడని పోలీసులకు అప్పటికే అనుమానమట. ఆ సంగతి నాకు పెద్దయ్యాక తెలిసింది. ఇచ్చానని ఒప్పుకుంటే అన్నలకు బట్టలిచ్చాడన్న మాట తన మీదికి వస్తుంది. కానీ అదొక్కటే కాదు. తన వాకిలి ఊడ్చే మనిషి కొడుకు విమానం ఎక్కడం ఆయనకు మొదటినుంచీ మింగుడు పడలేదు, ఆ భయం ఆయనకు మంచి సాకు అయింది.

"మాది కాదు," అన్నాడు.

ఆ రోజు నవ్విన వాళ్ళు వాకిట్లో ఐదారుగురు ఉన్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. తలుపు చాటున నిలబడ్డ నాయనమ్మ గాజుల చప్పుడు కూడా కానివ్వలేదు. అప్పుడు లచ్చవ్వ నా వైపు తిరిగింది.

"సారూ, గా కోటుకు ఒక గుండీ లేదు సూడున్రి. గది చిన్న దొరసాని తాన ఉన్నది. ఆడుకోంగ నేను సూసిన. సూపియ్యి బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత, సూపియ్యి."

గుండీ నా కుడి పిడికిట్లోనే ఉంది. జీపు చప్పుడు విని ఆట ఆపి, దారం తెంపి గుప్పిట్లో పెట్టుకున్నాను. ఎస్సై కోటు విప్పి చూశాడు. మూడో గుండీ చోట దారపు పోగులు వేలాడుతున్నాయి. నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏం పాపా, నీ దగ్గర గుండీ ఉందా?"

నేను తాతను చూశాను. తాత నా ముఖం చూడటం లేదు, నా చెయ్యి చూస్తున్నాడు. పిడికిలి విప్పితే రాజేశం రష్యా పోతాడు, విప్పకపోతే జీపెక్కుతాడు. చిన్నపిల్లను, అదంతా నాకేం తెలుసు అని ఇన్నేండ్లూ నాకు నేను చెప్పుకున్నాను. తెలుసు. విప్పితే నా వీపు మీద చింతబరికె విరుగుతుందని కూడా తెలుసు. అతని బతుకూ నా వీపూ ఎదురెదురుగా ఉన్నాయి, నాకు నా వీపే ముఖ్యమనిపించింది.

"లేదు," అన్నాను.

"ఏదీ, చెయ్యి చూపించు."

"మా పిల్లను సోదా చేస్తవా, ఎస్సై?" అన్నాడు తాత, గొంతు పెంచకుండా.

ఎస్సై లేచి ప్యాంటు దులుపుకున్నాడు. ఆ పిడికిట్లో ఏముందో వాకిట్లో అందరికీ తెలుసు. దొర మనుమరాలి వేళ్ళు విప్పదీసే ధైర్యం ఒక్కరికీ లేదు. రాజేశం నన్ను ఒక్కసారి చూశాడు. లచ్చవ్వ అరుపులు, జీపు తలుపు చప్పుడు వినిపిస్తున్నా నేను అటు చూడలేదు. గోడ దిక్కు చూస్తూ లెక్కపెట్టాను. అదీన్, ద్వా, త్రీ, చెతీరే. జీపు ఊరు దాటేసరికి నేను వంద దాటాను.

ఆ మధ్యాహ్నం తాత తన కంచంలోంచి కోడి కార్జం తీసి నా కంచంలో వేశాడు. అంతకు ముందు ఎన్నడూ వెయ్యలేదు. నేను తిన్నాను, రుచిగానే ఉంది. గుండీ సంగతి ఎవరూ ఎత్తలేదు, చింతబరికె చూరులోంచి దిగనే లేదు. ఏ దెబ్బలకు భయపడి ఆ పని చేశానో ఆ దెబ్బలు నాకు పడనే లేదు.

రాజేశం నెల తర్వాత ఠాణా నుంచి ఇంటికి వచ్చాడని, సెలవులయి నేను జగిత్యాల వచ్చాక విన్నాను. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదన్నారు. పాస్‌పోర్టు రాలేదు, రష్యా కాగితంలోని గడువు దాటిపోయింది, కోటు ఠాణా వెనక తగలబెట్టారట. లచ్చవ్వ జీపు వచ్చిన మర్నాటి నుంచే మళ్ళీ మా వాకిలి ఊడవడానికి వచ్చింది. రాకపోతే ఆమెకు ఊళ్ళో వేరే పని ఎవరిస్తారు? నా వైపు మాత్రం తల ఎత్తలేదు. రాజేశం సిరిసిల్ల పోయి, ఎడమచేత్తో పోగులు అతుకుతూ మరమగ్గాల మీద చాలా ఏండ్లు పనిచేశాడు. రోజులు మారాక ఏ ఏజెంటు పుణ్యమో పాస్‌పోర్టు దొరికి దుబాయి పోయాడు.

ఆ బట్టల దుకాణం వాసన తగిలిన మర్నాడు నేను ఊరికి బస్సెక్కాను. మా వాకిలి ఉన్న చోట ఫంక్షన్ హాలు కట్టారు. తాత లేడు, నాయనమ్మ లేదు, గోడల మీది ఎర్ర రాతలు లేవు, ఎద్దుల గంటలు లేవు. లచ్చవ్వ పోయి ఆరేండ్లయిందని చెప్పారు. రాజేశం రేకుల పందిరి కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు, తల నెరిసిపోయింది. నన్ను గుర్తుపట్టాడు. చిన్న దొరసాని అనలేదు, ఏ పేరుతోనూ పిలవలేదు. లోపలి ఫ్రిజ్‌లోంచి చల్లటి నీళ్ళు తెచ్చి, ఎడమచేత్తో గ్లాసు నా చేతిలో పెట్టాడు.

"దుబాయిలో ఎండలు బాగా ఉండేవా?" అన్నాను.

"ఎండ యాడిది? ఐసు గోదాముల పని. కోడిమాంసం డబ్బలు మోసుడు. ఇరవై రెండేండ్లు చలిలనే ఉన్న," అన్నాడు. మళ్ళీ మంచం మీద కూర్చుంటూ, "కోటు కంపినోళ్ళే ఇచ్చిండ్రు," అన్నాడు.

ఇన్నేండ్లూ దాచిన గుండీ తీసి అతని ముందు పట్టుకున్నాను. అతను దాన్ని కుడి అరచేతిలో పెట్టించుకొని చూశాడు. ఈసారి నేను పైనుంచి వదల్లేదు, అతని చేతిని తాకే పెట్టాను. అతను వేళ్ళు మడవబోయాడు. అవి సగంలోనే ఆగిపోయాయి.

"నీ తాన్నే ఉంచుకో," అని తిరిగి ఇచ్చేశాడు. "నాకు పిడికిలి బిగియ్యది."

తిరుగు బస్సులో గుండీని కుడిచేతిలో పట్టుకొని కూర్చున్నాను. జగిత్యాల వచ్చేదాకా పిడికిలి విప్పలేదు.