ఏ కాలు, ఎప్పటి నుంచి?

నొప్పుల మందు ఘాటు వాసన తగిలితే నాకు సుగుణ టీచరు గుర్తొస్తారు. ఈ ఉదయం బస్సులో పక్క సీటావిడ మోకాలికి ఆ మందే రాసుకుంటోంది. అమ్మ మంచం మీదున్న రోజుల్లో మా ఇల్లంతా అదే వాసన. టీచరు పోయి ఏడాది కావస్తోంది. హిందీ మాట్లాడే ఊళ్లో మా పేట బర్మామైన్స్‌. అక్కడ ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు ఆమె పాఠాల గురించి చెప్పుకుంటారు. మా అమ్మను నడిపించిన సంగతి మాత్రం నేను రాయకపోతే ఎవరూ రాయరు.

అమ్మ స్నానాల గదిలో జారిపడితే తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక, ఫిజియోథెరపీ చేయించకపోతే ఇక మంచం మీదే అన్నారు డాక్టరు. బడి మానేశాక లైబ్రరీలో చదువుకుని పెరిగినదాన్ని. తొడ కండరాల పేర్లన్నీ నేర్చేసుకున్నాను. కానీ మాకు దగ్గర్లో ఆ వైద్యం ఎవరు చేస్తారో, మా ఆఫీసు ఇచ్చిన ఇన్సూరెన్సు అక్కడ చెల్లుతుందో లేదో ఏ పుస్తకంలోనూ లేదు. పక్కింట్లో ఉండే సుగుణ టీచరు వచ్చి నాచేత వరసగా ఫోన్లు చేయించారు.

సీతారాండేరా పేటలో ఒక క్లినిక్ దొరికింది. "కార్డ్ చలేగా" అంది కౌంటరు అమ్మాయి, ఇన్సూరెన్సు కార్డు చెల్లుతుందని. నేను పొంగిపోయాను.

"ఆగు. ఆస్పత్రిలో భర్తీ అయి ఉన్నోళ్లకా, రోజూ వచ్చి పోయేవోళ్లకా? అడుగు" అన్నారు టీచరు.

అడిగాను. రోజూ వచ్చేవాళ్లకైతే ఇన్సూరెన్సు వాళ్లు ముందుగా ఒప్పుకోవాలట. వాళ్లకు ఫోను చేసి స్పీకరు పెట్టాను. "తకలీఫ్ కబ్ సే హై?" అని, నొప్పి ఎప్పటి నుంచో అడిగిందో అమ్మాయి.

అమ్మ మంచం మీంచే అందుకుంది. "పెళ్లైన కాడి నుంచీ అని చెప్పు! బొగ్గు బస్తాలు మోసినాను. ఏ రోజూ కుయ్యనలేదు."

మా వైపు ఆడవాళ్లకు నొప్పి ఎంత పాతదైతే అంత గౌరవం. టీచరు ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి అమ్మవైపు తిరిగారు.

"సింహాచలం, ఇక్కడెవరూ నీకు సన్మానం సెయ్యట్లేదు. ఏ కాలు, ఎప్పటి నుంచి? అంతే."

"ఏటి టీచరమ్మా, నాను ఓర్చుకున్నది అబద్ధవా?"

"అబద్ధం కాదే. అది నీ పాత మోకాళ్ల నొప్పి సంగతి. సాయంత్రం వత్తాను, నాకు చెప్పు, ఎంతసేపైనా వింటాను. ఇప్పుడు ఆళ్లడిగింది తుంటి గురించి. పాత నొప్పంటే కాదు పొమ్మంటారు. అప్పుడు నిన్నెవరు నడిపిత్తారు?"

అమ్మ గోడవైపు తిరిగింది. చివరికి, "కుడికాలు. పోయిన నెల పడ్డ కాడి నుంచి" అంది చిన్న గొంతుతో. నేను దాన్నే హిందీలో చెప్పాను. వారం తిరక్కముందే ఒప్పుకున్నట్టు కబురొచ్చింది.

టీచరు ఆ సాయంత్రమే వచ్చారు, అన్న మాట ప్రకారం. అమ్మ చెప్పిన బస్తాలూ, పురుళ్లూ, పోయిన బిడ్డా అన్నీ విన్నారు. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. నాకొక అక్క పుట్టి పోయిందని ఆ రోజే తెలిసింది. వంటగది గుమ్మంలో నిలబడి మా అమ్మ బతుకును మొదటిసారి విన్నాను. ఇప్పుడు ఎవరైనా బాధంటూ నా దగ్గరికొస్తే ముందు పనికి కావలసింది అడుగుతాను. పనయ్యాక కూర్చుని మిగతాది వింటాను. రెండోది మానకూడదని టీచరు దగ్గర నేర్చుకున్నాను.

అమ్మకు మళ్లీ అడుగులు నేర్పిన రేఖా దీదీకి, ఆటోను రోజూ గుమ్మం దాకా తెచ్చిన మున్నాకు, ఫోనులో విసుక్కోకుండా ఆగిన ఆ పేరు తెలియని అమ్మాయికి కృతజ్ఞతలు. సుగుణ టీచరుకు అమ్మే చెప్పుకుంది. సమాధుల తోట దాకా తన కాళ్లతో నడిచి వెళ్లి, పూలు పెట్టడానికి వంగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది.